ఆట మధ్యలో కబుర్లు

అత్తిలి మెయిన్ రోడ్డులో ఒకప్పుడు నాకు నెట్ సెంటర్ ఉండేది. ముందు ఎస్టీడీ బూత్, తర్వాత జిరాక్స్, ఆ తర్వాత ప్లైవుడ్ క్యాబిన్లు కొట్టించి కంప్యూటర్లు పెట్టాను. పదో తరగతి ఫలితాలకీ ఎంసెట్ ర్యాంకులకీ ఊరంతా వచ్చేది. మిగతా రోజుల్లో వచ్చేది ఆటలాడే కుర్రాళ్ళే. 2016లో జియో వచ్చాక క్యాబిన్లు ఖాళీ అయ్యాయి గానీ ఆ కుర్రాళ్ళు నన్ను వదల్లేదు. ఇప్పుడు వాళ్ళలో కొందరు హైదరాబాదులో, ఒకరిద్దరు డాలస్‌లో, ఒకడు కువైట్‌లో, మిగిలినవాళ్ళు ఇక్కడే పొలాల మీదా చెరువుల మీదా ఉన్నారు. వాళ్ళ తమ్ముళ్ళూ, తమ్ముళ్ళ స్నేహితులూ కూడా వచ్చి చేరారు. డిస్కార్డ్‌లో ఒక సర్వర్ పెట్టుకుని రాత్రి భోజనాలయ్యాక కలుస్తారు. బాబాయి లేకపోతే ఎలా అని నన్నూ అందులో చేర్చారు.

అక్కడ గేమ్ ఆడతారు, ఆడుతూ మాట్లాడుకుంటారు. కోత మిషను అద్దె, రొయ్య కౌంటు ధర, హెచ్‌వన్‌బీ లాటరీ, పెళ్ళిచూపులు, కొత్త సినిమా, మోకాళ్ళ నొప్పులకి వాళ్ళమ్మని ఎక్కడ చూపించాలి, ఇవన్నీ తుపాకీ మోతల మధ్యే వస్తాయి. చూసేవాళ్ళకి అది కాలక్షేపం. నా కళ్ళకి మాత్రం అది మన ఊళ్ళలో మాయమైపోయిన వీధి అరుగు. అరుగు మీద కూర్చునేవాళ్ళకి కొన్ని మర్యాదలుండేవి, పెద్దవాళ్ళని చూసి నేర్చుకునేవాళ్ళం. దీనికి చూసి నేర్చుకోవడానికి పెద్దవాళ్ళు లేరు. అందుకని కొత్తగా చేరే పిల్లల కోసం నాకు తెలిసినవి రాసిపెడుతున్నాను. అంకెలు వేశాను గానీ ముందున్నది గొప్పదనీ వెనకున్నది తక్కువనీ కాదు.

1. చేతులు ఆటలో ఉన్నప్పుడే మనసులో మాట బయటికొస్తుంది

యాహూ చాట్ రూముల కాలంలో కుర్రాడు గంటకింత అని కట్టి కూర్చునేవాడు. అవతలి నుంచి వచ్చే మొదటి ప్రశ్న "ఏఎస్ఎల్?" వయసెంత, ఆడా మగా, ఏ ఊరు అని. ఆ మూడూ చెప్పేశాక ఇంకేం మాట్లాడాలో ఇద్దరికీ తోచేది కాదు. అదే సమయంలో పక్క క్యాబిన్లలో నలుగురు ల్యాన్ మీద కౌంటర్ స్ట్రైక్ ఆడుతుండేవారు. ప్లైవుడ్ మీదుగా వాళ్ళ మాటలు ఆగేవి కావు. "వెనక చూడరా, వెనక!" అన్న కేకకీ ఇంకో కేకకీ మధ్య ఒకడు, "మా నాన్న ఈ ఏడు కౌలు మానేస్తానంటున్నాడ్రా" అనేసేవాడు. ఆ ముక్క ఇంట్లో అన్నం తింటూ చెప్పేవాడు కాదు, బడిలో మేష్టారు అడిగినా చెప్పేవాడు కాదు.

ఇప్పుడూ అంతే. ఇంజనీరింగులో సబ్జెక్టులు మిగిలిపోయినవాడిని ఎదురుగా కూర్చోబెట్టి అడిగితే నేల చూపులు చూస్తాడు. బీజీఎంఐ అనే తుపాకుల ఆటలో దిగి, ఇళ్ళల్లో దూరి లూట్ ఏరుకుంటూ, "మొన్న రిజల్ట్స్ వచ్చాయి, ఇంకా మూడు ఉండిపోయాయి" అంటాడు. మీరు చెయ్యాల్సిందల్లా ఆట ఆపకుండా ఉండటమే. ఆట ఆపి, అందరూ కలిసి పంచాయితీ పెడితే వాడు మళ్ళీ నోరు తెరవడు. "సప్లీ ఎప్పుడు? ఎమ్‌త్రీ ఉందా అందులో?" అని అదే గొంతుతో అడగండి. అందులో ఎవడో ఒకడు ఆ సబ్జెక్టు పాసైనవాడు ఉంటాడు, నోట్సు ఉందంటాడు. నా ఎదుటే ఇలా గట్టెక్కిన పిల్లలున్నారు.

2. మైకులో వినపడిన ఇంటి సంగతి బయటపెట్టొద్దు

ఫోను మైకు ఒక్క మనిషి గొంతుతో సరిపెట్టుకోదు. కుక్కరు కూత, టీవీ సీరియల్, భీమవరం లైను మీద పోతున్న గూడ్సు, పక్కింటి పసిబిడ్డ ఏడుపు, అన్నీ అవతలి చెవుల్లో పడతాయి. ఒక్కోసారి పడకూడనివీ పడతాయి. తాగి వచ్చిన తండ్రి కేకలు, గుమ్మంలో నిలబడ్డ అప్పులవాడి మాట, "నీ చదువుకి కట్టింది చాలు" అన్న అమ్మ ఏడుపు.

ఆ క్షణాన వాడు మైకు ఆపుకునేలోపే అందరూ వినేసి ఉంటారు. అప్పుడు ఎవరూ "ఏంట్రా, ఏమైంది?" అని అందరి ముందూ అడగకండి. "జోన్ దగ్గరపడింది, కదలండి" అనండి. ఎంత సహజంగా అంటే, తన ఇంటి గొడవ ఎవరి చెవినా పడలేదేమో అని వాడికి అనిపించాలి. మర్నాడు కూడా ఎత్తకండి. ఊళ్ళో వాళ్ళ నాన్న ఎదురుపడితే మామూలుగా పలకరించండి.

ఒక్క సందర్భం వేరు. చిన్నపిల్లని కొడుతున్నట్టు వినపడితే, అదీ మళ్ళీ మళ్ళీ వినపడితే, మర్యాద పేరు చెప్పి ఊరుకోకూడదు. ముందు విడిగా మెసేజ్ పెట్టండి. ఊళ్ళో పెద్దమనిషి ఎవరైనా ఉంటే వారికి చెప్పండి. పిల్లల కోసం 1098 నంబరు ఉంది, ప్రమాదం కళ్ళ ముందే ఉంటే 112 ఉంది. ఈ రెండు నంబర్లూ మన సర్వర్‌లో పైన పిన్ చేయించాను.

ఇంకొకటి. హెడ్‌సెట్ లేనివాడు మ్యూట్ అలవాటు చేసుకోవాలి. మాట్లాడేటప్పుడే మీట నొక్కే సౌకర్యం డిస్కార్డ్‌లో ఉంది, దాన్ని వాడండి. మీ ఇంట్లోవాళ్ళు తమ గొంతు నలుగురికీ వినపడడానికి ఒప్పుకోలేదు కదా.

3. చెరువు పిలిస్తే వెళ్ళనివ్వండి

కొల్లేరు అంచున, కైకలూరు వైపు, మనవాడొకడు రొయ్యల చెరువు కాపలా ఉంటాడు. గట్టు మీద రేకుల షెడ్డు, మంచం, తల దగ్గర స్విచ్చు బోర్డు, దానికి వేలాడుతూ ఛార్జర్. బయట నీళ్ళలో గాలి కలిపే ఏరియేటర్లు తిరుగుతూ ఉంటాయి. వాడు మైకు ఆన్ చేస్తే ముందు వినపడేది ఆ చక్రాల చప్పుడే. రాత్రి ఎండ ఉండదు కాబట్టి నీళ్ళలోని నాచు ఆక్సిజన్ తయారు చెయ్యదు. రొయ్యలూ నాచూ అన్నీ కలిసి ఉన్నదాన్ని పీల్చేస్తుంటాయి. తెల్లారబోయే ముందు అది అడుగంటుతుంది. డీఓ పడిపోయింది అంటారు వాళ్ళు. ఆ వేళలో కరెంటు పోయి ఏరియేటర్లు ఆగితే జనరేటర్ వేసేదాకా ప్రతి నిమిషమూ లెక్కే. రొయ్య పైకి తేలిందంటే రైతు పెట్టుబడంతా పోయినట్టే.

ఒకసారి ఆట మంచి పట్టులో ఉంది. వందమందితో మొదలైంది కాస్తా నాలుగు జట్లకి వచ్చింది. ఉన్నట్టుండి వాడి మైకులో చక్రాల చప్పుడు ఆగిపోయింది. వాడింకా గమనించలేదు, కాల్చే పనిలో ఉన్నాడు. డాలస్ నుంచి ఆడుతున్నవాడు ముందు విన్నాడు. "ఒరేయ్, నీ ఏరియేటర్ ఆగింది, లే!" అని అరిచాడు. కువైట్‌లో డ్రైవరుగా ఉన్నవాడు "చెరువు, చెరువు" అన్నాడు. చెరువు కాపలావాడు ఫోను మంచం మీద పడేసి పరిగెత్తాడు. వాడి బొమ్మ ఒక ఇంట్లో కదలకుండా నిలబడి ఉంటే మిగతా ముగ్గురూ చుట్టూ కాపలా కాశారు. ఆడే చోటుని కుదించుకుంటూ వచ్చే నీలం గోడ మీద పడేదాకా కాశారు, తర్వాత చేసేదేం లేక చచ్చిపోయారు. ఫోనులో దూరంగా జనరేటర్ మొదలైన శబ్దం వినపడ్డాకే మళ్ళీ మాట్లాడారు.

అప్పటి నుంచి మన దగ్గర "చెరువు" అంటే తిరుగులేని సెలవు. పాపకి పాలు పట్టాలన్నా, అమ్మకి మందు వెయ్యాలన్నా, ఆఫీసులో కాల్ వచ్చినా "చెరువు" అని వెళ్ళిపోవచ్చు. కారణం అడగరు. మధ్యలో వెళ్ళిపోయినందుకు ఎవరూ ఎవర్నీ ఒక్క మాట అనరు. మీ చేతిలో ఉన్నది మ్యాచ్, వాడి చేతిలో ఉన్నది ఒక కుటుంబం ఏడాది తిండి.

4. దూరాన ఉన్నవాడి కోసం నెమ్మది ఆట ఎంచుకోండి

పింగ్ గురించి కుర్రాళ్ళకి నేను చెప్పక్కర్లేదు. మనం నొక్కిన నొక్కు సర్వరు దాకా వెళ్ళి జవాబు తిరిగొచ్చే సమయం. ముంబై సర్వరు అయితే అత్తిలి వాడికి లెక్కలోకి రాని ఆలస్యం. డాలస్ వాడి నొక్కు మాత్రం సముద్రాల అడుగున తీగల్లో సగం భూమి చుట్టి రావాలి. మనం తలుపు తీసి, కాల్చి, ముందుకెళ్ళిపోయాక వాడి తెర మీద తలుపు తెరుచుకుంటుంది. గురి చూసే ఆటలో వాడు ఎప్పుడూ చచ్చిపోతూనే ఉంటాడు. నాలుగు రోజులు నవ్వుతాడు, ఐదో రోజు "పని ఉంది" అంటాడు. పనేం ఉండదు.

అందుకని శని ఆదివారాలు వాడొచ్చే వేళకి ఆట మార్చాలి. లూడో, క్యారమ్స్, చదరంగం, బొమ్మ గీస్తే పేరు చెప్పే ఆట. వీటికి పింగ్ అడ్డు రాదు. 2020 లాక్‌డౌన్‌లో నవీ ముంబై కంపెనీ తయారుచేసిన లూడో కింగ్ ఇంటింటా ఆడారు గుర్తుందా? ఆ పచ్చీసు గళ్ళ మీదే మన గుంపు మళ్ళీ ఒక్కటైంది. ఆట వేగం తగ్గేసరికి కబుర్లూ పెరిగాయి.

వేళ సంగతి కూడా చూడండి. డాలస్‌కీ మనకీ వేసవిలో పదిన్నర గంటల తేడా, నవంబరు మొదటి ఆదివారం వాళ్ళు గడియారం వెనక్కి తిప్పాక పదకొండున్నర. ఆ వారం మీరు ఎప్పటి వేళకే మొదలుపెడితే వాడు ఇంకా పడక మీదే ఉంటాడు. గంట ఆలస్యంగా మొదలుపెట్టండి. నాకు తెలిసి స్నేహాలు గొడవలతో తెగినవి తక్కువ. వేళలు కుదరక తెగినవే ఎక్కువ.

5. గోదారి వెటకారం గొంతుతోనే పలుకుతుంది

మన వైపు ప్రేమున్నచోట వెటకారం తప్పదు. "ఆయ్, తమరు వచ్చారా, ఇంక గెలిచేసినట్టేనండి" అని నోటితో అంటే ఎదుటివాడు పకపకా నవ్వుతాడు. అదే ముక్క చాట్‌లో టైపు చేస్తే కరీంనగర్ కుర్రాడు ఎలా తీసుకుంటాడు? అక్కడ దీర్ఘం కనపడదు, ముఖంలో నవ్వు కనపడదు. మన గుంపులో ఒక మంచి పిల్లాడు ఇలాగే అలిగి వెళ్ళిపోబోయాడు. అతనితో ఫోనులో మాట్లాడితే అరనిమిషంలో తేలిపోయింది.

పరిచయం పాతబడేదాకా వెటకారం మైకులోనే చెయ్యండి, రాతలో వద్దు. రాసినది రాత్రంతా అక్కడే ఉంటుంది, వాడు నిద్రపట్టక పదిసార్లు చదువుకుంటాడు.

6. ఓడినవాడికి కాస్త గాలి ఇవ్వండి

ఓటమి తర్వాత మొదటి రెండు నిమిషాల్లో వచ్చే మాటలకి విలువ కట్టకండి. బూతు మాత్రం వద్దు, అమ్మల మీదికి అసలే వద్దు. ఆ మైకు పక్కన నిజంగానే ఒక అమ్మ కూర్చుని వత్తులు చేసుకుంటూ ఉండొచ్చు.

7. ఆటలోకి డబ్బు రానివ్వకండి

దీని మీద నేను గట్టిగానే చెబుతాను, నచ్చకపోయినా వినండి. మన జిల్లాలకి పందెం కొత్త కాదు. సంక్రాంతి మూడు రోజులూ భీమవరం చుట్టూ బరుల్లో ఎంత చేతులు మారుతుందో, కనుమ మర్నాడు ఎవరింట్లో పొయ్యి వెలగదో చూస్తూ పెరిగినవాళ్ళం. అయినా బరికి ఏడాదికి మూడు రోజులే. ఫోనులో రమ్మీ ఏడాది పొడుగునా, పక్క మీద దుప్పటి కింద కూడా నడుస్తుంది. బరి దగ్గర జేబు ఖాళీ అయితే ఇంటికి రావాల్సిందే. ఫోనులో అప్పిచ్చే యాప్ కూడా అదే తెర మీద ఉంటుంది.

మన రాష్ట్రం 2020లోనే పాత 1974 గేమింగ్ చట్టాన్ని సవరించి ఆన్‌లైన్ రమ్మీ, పోకర్‌లని నిషేధించింది. తెలంగాణ 2017లోనే ఆ పని చేసింది. 2025 ఆగస్టులో పార్లమెంటు చేసిన చట్టం దేశమంతటికీ వర్తించేట్టు, డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలన్నిటినీ నైపుణ్యమా అదృష్టమా అన్న వాదన లేకుండా నిషేధించింది. నడిపేవాళ్ళకి మూడేళ్ళ దాకా జైలు, కోటి రూపాయల దాకా జరిమానా. ఆడేవాణ్ణి నేరస్తుడిగా చూడలేదు, అది మంచి పని. ఈ-స్పోర్ట్స్‌నీ, డబ్బు పందెం లేని ఆటల్నీ ప్రోత్సహించాలని కూడా ఆ చట్టమే చెబుతోంది. కాబట్టి మనం ఆడుకునే ఆటలకి భయం లేదు.

చట్టం ఉన్నా దొంగదారులు ఉంటాయి. టెలిగ్రామ్‌లో లింకు పంపి "వంద పెడితే వెయ్యి" అంటారు. మన సర్వర్‌లో అలాంటి లింకు ఎవరు పెట్టినా ఆ పూటే తీసేస్తాం, రెండోసారి పెడితే మనిషినే తీసేస్తాం, వాడు ఎంత పాతవాడైనా సరే.

చిన్న డబ్బు కూడా చూసుకోవాలి. పదేళ్ళ పిల్లాడు వాళ్ళమ్మ ఫోనులో యూపీఐ పిన్ కనిపెట్టి యూసీ, అంటే ఆటలో చెల్లే డబ్బు, టాప్‌అప్ చేసేస్తాడు, తుపాకీకి రంగు మార్చుకోవడానికి. నెలాఖర్లో గ్యాస్ బండకి చూస్తే ఖాతాలో ఉండవు. వాడు దొంగ కాదు, అవి డబ్బులని వాడికి తెర మీద తెలియలేదు. మీలో ఉద్యోగం ఉన్నవాళ్ళు కొత్త స్కిన్ కొన్నప్పుడు చిన్నపిల్లల ముందు ధర చెప్పి మురిసిపోకండి. ఐడీలు అమ్మడం, కొనడం పెట్టుకోవద్దు. సగం బేరాల్లో డబ్బు కట్టాక ఐడీ రాదు. ఓటీపీ ఇచ్చి మోసపోతే సిగ్గుపడుతూ కూర్చోకుండా వెంటనే 1930కి ఫోన్ చెయ్యండి, తొందరగా చేస్తేనే డబ్బు ఆపగలిగే అవకాశం.

గుంపులో చేబదుళ్ళు కూడా ఆట జరిగే చోట అడగొద్దు. ఒకడు అడిగితే ఇవ్వలేనివాడు మర్నాటి నుంచి మైకు ఆన్ చెయ్యడు. ఎవరికైనా నిజంగా అవసరం ఉంటే నాతోనో ఇంకో పెద్దవాడితోనో విడిగా చెప్పండి, చూద్దాం.

8. అమ్మాయి గొంతు వినపడితే ఏమీ మారకూడదు

నెట్ సెంటర్ రోజుల్లో అమ్మాయిలు అన్నయ్యని తోడు తీసుకుని, హాల్ టికెట్ ప్రింటు కోసం వచ్చి వెళ్ళిపోయేవారు. కుర్చీలో కూర్చుని ఆడిన అమ్మాయి నాకు గుర్తు లేదు. ఇప్పుడు ఎవరి ఫోను వాళ్ళ చేతిలో ఉంది, ఆడుతున్నారు. మగపేరు పెట్టుకుని, మైకు ఆపుకుని ఆడుతున్నారు.

తాడేపల్లిగూడెం నిట్‌లో చదువుకునే ఒక అమ్మాయి మన జట్టులో ఉంది. చివరి జోన్‌లో నిలబడి ఆడటంలో ఆమె తర్వాతే ఎవరైనా. ముక్కూముఖం తెలియని జట్లలో గొంతు వినిపిస్తే మొదటి ప్రశ్న "ఏ ఊరు?", రెండోది "ఇన్‌స్టా ఐడీ?" అని నాతో చెప్పింది. మన దగ్గర మొదటిసారి మైకు ఆన్ చేసినప్పుడు పిల్లలు "ఎటు దిగుదాం?" అని అడిగారు, ఆమె "పోచింకీ" అంది, అందరూ దూకారు. కావలసింది అంతే. ఎవడైనా హద్దు దాటితే ఆ అమ్మాయి నోరు తెరవాల్సిన అవసరం రాకముందే పక్కనున్న మగపిల్లలు అడ్డుకోవాలి. అడ్డుకుని ఆ సంగతి పదిమందికీ చాటుకోకూడదు కూడా.

9. ఏ యాప్‌నీ నమ్ముకోకండి

ఆర్కుట్ 2014 సెప్టెంబరులో మూతపడింది. యాహూ మెసెంజర్ 2018 జూలైలో పోయింది. పబ్జీ మొబైల్‌ని కేంద్రం 2020 సెప్టెంబరు 2న ఇంకో నూటపదిహేడు యాప్‌లతో కలిపి ఆపేసింది. ఫ్రీ ఫైర్ 2022 ఫిబ్రవరిలో ఆగింది. బీజీఎంఐ 2021లో వచ్చి, 2022 జూలైలో మాయమై, 2023 మేలో తిరిగొచ్చింది. ఇన్నిసార్లు చూశాక కూడా మన పరిచయాలన్నీ ఒక్క యాప్ చేతిలో పెట్టడం తెలివైన పని కాదు.

పబ్జీ పోయిన వారం ఎంతమంది పిల్లలు ఆటకోసం బాధపడ్డారో, అంతకన్నా ఎక్కువమంది జట్టువాళ్ళ కోసం బాధపడ్డారు. ఐడీ పేరు తప్ప అసలు పేరు తెలియదు. గుంటూరు వాడని తెలుసు, గుంటూరులో ఎక్కడో తెలియదు. ఏడాదిపాటు రోజూ మాట్లాడిన మనిషి ఒక్క ఉత్తర్వుతో ఎవరికీ దొరక్కుండా పోయాడు.

10. కనపడనివాణ్ణి వెతకండి

నార్వేలో మ్యాట్స్ స్టీన్ అనే కుర్రాడుండేవాడు. కండరాలు క్రమంగా చచ్చుబడిపోయే డ్యుషేన్ జబ్బు. చక్రాల కుర్చీలో, తర్వాత వేళ్ళు మాత్రమే కదిలే స్థితిలో, వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్ ఆడుతూ గడిపాడు. కొడుకు ఒంటరిగా బతికి పోతున్నాడని తల్లిదండ్రులు కుమిలిపోయారు. 2014 నవంబరులో, ఇరవై అయిదేళ్ళ వయసులో అతను చనిపోతే తండ్రి ఆ సంగతి కొడుకు బ్లాగులో రాశారు. ఇక ఉత్తరాలు మొదలయ్యాయి. ఇబెలిన్ అన్న ఆటపేరుతో అతను ఎందరికి ధైర్యం చెప్పాడో, ఏ తల్లీకొడుకుల్ని మళ్ళీ దగ్గర చేశాడో, ఎవరి దిగులు ఎలా విన్నాడో వేరే వేరే దేశాలవాళ్ళు రాశారు. జట్టువాళ్ళు కొందరు అంత్యక్రియలకి కూడా వచ్చారు. 2024లో దాని మీద డాక్యుమెంటరీ వచ్చింది. ఆటలో స్నేహం స్నేహమేనా అని అడిగే పెద్దవాళ్ళకి నేను ఆ సినిమా చూడమని చెబుతుంటాను.

అందులో నన్ను పట్టుకున్న సంగతి వేరే ఉంది. తండ్రి ఆ బ్లాగు తెరవకపోయి ఉంటే? జట్టువాళ్ళకి అతను ఒకరోజు ఆటలోకి రావడం మానేసినవాడిగానే మిగిలేవాడు.

తెలియనివాళ్ళకి అసలు పేరూ నంబరూ ఇవ్వొద్దని పిల్లలకి నేనే చెబుతాను. అది నిజం. కనపడకపోతే వెతకాలన్నదీ నిజం. రెండూ కుదరాలంటే మేం చేసింది ఇది: ప్రతి ఒక్కరూ తమ ఇంట్లో ఒకరి నంబరు, గుంపులో తాము నమ్మిన ఒకే ఒక్కరికి ఇచ్చి ఉంచాలి. ఎవరికి ఇచ్చారో మిగతావాళ్ళకి చెప్పక్కర్లేదు. మనిషి వారం రోజులు చెప్పకుండా మాయమైతే ఆ ఒక్కరు ఫోన్ చేస్తారు. కువైట్ వాడు ఒకసారి ఇలాగే కనపడలేదు. ఇక్కడ వాళ్ళమ్మకి ఫోన్ చేస్తే తేలింది, ఫోను నీళ్ళలో పడిందట, అంతే. అయినా "మావాడి కోసం అడిగేవాళ్ళున్నారు" అని ఆవిడ ఇప్పటికీ చెప్పుకుంటుంది.

కనపడుతూనే మాయమయ్యేవాళ్ళూ ఉంటారు. వస్తాడు, మాట్లాడడు, అందరూ వెళ్ళాక కూడా ఆకుపచ్చ చుక్క వెలుగుతూనే ఉంటుంది. వాడితో విడిగా మాట్లాడండి. మాట మరీ చీకటిగా ఉంటే 14416, టెలీ మానస్, తెలుగులోనే మాట్లాడతారు.

11. ఊరి కబురు మోసేముందు ఆగండి

2020 డిసెంబరులో ఏలూరులో జనం ఉన్నట్టుండి మూర్ఛలొచ్చి పడిపోయారు. ఆరువందల మందికి పైగా ఆసుపత్రి పాలయ్యారు. మన సర్వర్‌లో ఏలూరు పిల్లలున్నారు. ఆ రెండు రాత్రులూ ఎవరూ ఆడలేదు, ఛానెల్‌లో కూర్చున్నారంతే. నీళ్ళంటారు ఒకరు, గాలి అంటారు ఇంకొకరు, కొత్త వైరస్ అని ఎవరో వీడియో. కోవిడ్ భయం ఎలాగూ ఉంది. తర్వాత రక్త నమూనాల్లో సీసం, నికెల్ ఉన్నాయని ఎయిమ్స్ చెప్పింది. ఆ రెండు రాత్రుల్లో పనికొచ్చినవి ఏవయ్యా అంటే, "మా వీధిలో నేను చూసింది ఇది" అని పిల్లలు రాసిన నాలుగు ముక్కలు. మిగతావన్నీ దూరాన ఉన్న తల్లుల గుండె దడ పెంచాయి. చూసింది రాయండి. ఎవరో పంపింది మీ దగ్గరే ఆపండి.

12. షష్ఠికి ముఖాలు చూసుకోండి

మార్గశిర శుద్ధ షష్ఠికి మన అత్తిలి సుబ్రహ్మణ్యేశ్వరస్వామి తీర్థం. జీళ్ళ కొట్లు, రంగులరాట్నాలు, గాజుల దుకాణాలు, జనం. ఏడాదంతా గొంతులుగా తెలిసినవాళ్ళు ఆ పూట మనుషులుగా కనపడతారు. మొదటిసారి కలిసినప్పుడు కాసేపు బెరుకుగా ఉంటుంది, గొంతుకీ ముఖానికీ పొంతన కుదరదు. రాట్నం ఎక్కి దిగేసరికి సర్దుకుంటుంది. పద్దెనిమిది నిండనివాళ్ళు ఇంట్లో పెద్దవాళ్ళతోనే రావాలి. గుడి దగ్గరే కలవాలి, నలుగురున్న చోటే. తెలియనివాడు ఎక్కడికైనా ఒంటరిగా రమ్మంటే వెళ్ళొద్దు, ఎన్నాళ్ళు కలిసి ఆడినా సరే.

13. ఇంట్లోవాళ్ళకి ఒక్కసారి వినిపించండి

ప్రపంచ ఆరోగ్య సంస్థ గేమింగ్ డిజార్డర్‌ని 2019లో జబ్బుల పట్టికలో చేర్చింది, 2022 నుంచి అమల్లో ఉంది. ఎంతసేపు ఆడాడన్నది ఒక్కటే వాళ్ళు చూడరు. ఆపాలనుకున్నా ఆపలేకపోవడం, తిండీ నిద్రా చదువూ అన్నీ ఆట వెనక్కి పోవడం, చెడు జరుగుతున్నా మానలేకపోవడం, ఇది దాదాపు ఏడాది పాటు సాగడం చూస్తారు. అది ఉన్న పిల్లలున్నారు, వాళ్ళకి డాక్టరు కావాలి, బెంగుళూరు నిమ్హాన్స్‌లో 2014 నుంచీ దానికోసమే షట్ అనే క్లినిక్ ఉంది. మీకు ఆ జబ్బు లేదని అమ్మానాన్నలకి ఎలా తెలుస్తుంది? తలుపేసుకుని తెరతో మాట్లాడే కొడుకుని చూస్తే ఎవరికైనా భయమే.

అందుకే హెడ్‌సెట్ తీసి స్పీకర్ పెట్టండి, ఒక్క రాత్రి. ఎవరెవరు ఉన్నారో చెప్పండి. అరవల్లిలో ఒకావిడ కొడుకు చేతిలోంచి రోజూ ఫోను లాక్కునేది. వాడు ఒకరోజు స్పీకర్ పెట్టాడు. ఆవిడ మంచం చివర కూర్చుని కాసేపు విని, "ఆ డాలస్ బాబు ఎవరి అబ్బాయి?" అని అడిగింది. చెప్పారు. "వాళ్ళమ్మమ్మ నాకు తెలుసు" అంది. "ఏం కూర వండుకున్నావు బాబూ?" అని తిన్నగా వాడినే అడిగింది. వాడు ఫ్రిజ్‌లో ఉన్న పప్పు గురించి చెప్పాడు, ఎప్పటిదో కూడా చెప్పేశాడు. తర్వాత అరగంట ఆట నడవలేదు, పప్పు ఎన్నాళ్ళు ఉంచొచ్చు అన్నదే నడిచింది. ఇప్పుడు ఆవిడ ఫోను లాక్కోవడం మానేసింది. పదిన్నరకి మాత్రం గుమ్మంలోకి వచ్చి, "ఇంక చాలు, అందర్నీ పడుకోమను" అంటుంది. డాలస్‌లో అప్పుడు మిట్టమధ్యాహ్నం. "సరే పిన్నీ" అని వాడూ లాగౌట్ అవుతాడు.